నలతగా ఉందని చెప్పగలిగే శిబిరం

డిసెంబరు చివరి వారం. కోనసీమలో ఓ జిల్లా పరిషత్ హైస్కూలు. ఆ బడి గదుల్లో డిగ్రీ విద్యార్థుల జాతీయ సేవా పథకం, అంటే ఎన్‌ఎస్‌ఎస్ ప్రత్యేక శిబిరం నడుస్తోంది. యాభై మంది వలంటీర్లు, ఇద్దరు అధ్యాపకులు, ఒక వంటావిడ, ఆవిడకు చేదోడుగా ఇంకొకామె. మూడో రోజు పొద్దున్నే ఒక కుర్రాడికి ఒళ్లు కాలిపోతోంది. పక్కనున్న స్నేహితుడికి చెప్పాడు గానీ ప్రోగ్రాం ఆఫీసర్ సారుకు చెప్పలేదు. పారాసిటమాల్ బిళ్ల వేసుకుని, పార భుజాన పెట్టుకుని అందరితోపాటు శ్రమదానానికి బయల్దేరాడు. ఇది ఫలానా శిబిరంలో జరిగిన కథ కాదు. శిబిరాలు నడిపినవాళ్లకు మాత్రం ఆ కుర్రాడు బాగా తెలిసినవాడే.

ఎందుకు దాచాడన్నది పెద్ద చిక్కు ప్రశ్నేమీ కాదు. ఎన్‌ఎస్‌ఎస్ సర్టిఫికెట్ చేతికి రావాలంటే రెండేళ్లలో 240 గంటల సేవ, దాంతోపాటు ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పూర్తిచేయాలి. మూడో రోజున ఇంటికి పంపేస్తే ఆ ఏడూ ఏడు కావు. ఎన్‌సీసీలోనూ అంతే. పరీక్షకు కూర్చోవాలంటే 75 శాతం హాజరు, క్యాంపు ఉండాలి. పోలీసు ఉద్యోగం మీదో, సైన్యం మీదో ఆశ పెట్టుకున్న పిల్లలకు ఆ కాగితం విలువ తెలుసు. నూటరెండు జ్వరం కంటే ఆ కాగితం బరువైనది.

వంటావిడ సంగతి ఇంకా ఇబ్బంది. ఆవిడది రోజు కూలి. రాత్రి రెండుసార్లు విరేచనాలైనా ఉదయం ఐదింటికి పొయ్యి దగ్గరే ఉంటుంది, ఎందుకంటే రానన్న రోజున డబ్బులుండవు, మర్నాటికి ఆ స్థానంలో ఇంకొకరుంటారు. హాస్టల్లో అవుట్‌సోర్సింగ్ కింద పనిచేసే ఆయా, వేసవి శిబిరంలో గౌరవ వేతనం మీద వచ్చే కబడ్డీ కోచ్, ఇంటింటికీ తిరిగే యువ ప్రచారకులు, అందరిదీ కాస్త అటూ ఇటూగా ఇదే లెక్క.

అంటురోగాల జాగ్రత్త అనగానే శానిటైజర్ సీసా, మాస్కుల పెట్టె, గోడమీద పోస్టరు గుర్తొస్తాయి. కొవిడ్ నేర్పిన అలవాటు అది. అవి చవక, ఫొటోలో బాగా పడతాయి. ‘ఒంట్లో నలతగా ఉందండి’ అని ఒక్క మాట అంటే నష్టపోకుండా చూడటం మాత్రం ఖర్చుతో కూడిన పని. దానికి నిబంధన సడలించాలి, పని చేయని రోజుకూ కూలి చెల్లించాలి. యువతతో పనిచేసే చోట జబ్బు పాకడానికి నీళ్లు, దోమలు, బురద, గాలి అని చాలా దారులున్నాయి. వాటన్నిటికీ తలో ఉపాయం ఉంది. ఆ ఉపాయాలన్నీ పనిచేయాలంటే మొదట జబ్బు సంగతి బయటికి రావాలి.

నీళ్ల మధ్య నీళ్ల బెంగ

గోదావరి డెల్టాలో నీళ్లకు కొదవేమిటని బయటివాళ్లు అనుకుంటారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటినుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలు ఊరూరా పారుతున్నాయి. కానీ సముద్రం వైపు వెళ్లేకొద్దీ బోరు వేస్తే వచ్చేది ఉప్పునీరు. అందుకే చాలా ఊళ్లలో తాగడానికి ఆధారం కాలువ నీటితో నింపుకునే మంచినీటి చెరువే. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. కట్టేలోపే చెరువు నింపుకోవాలి, నీళ్లు మళ్లీ వదిలేదాకా దాంతోనే సరిపెట్టుకోవాలి. ఈలోగా కాలువలోకి ఎగువ ఊళ్ల మురుగు, పశ్చిమ డెల్టాలోనైతే చేపల, రొయ్యల చెరువుల నుంచి వదిలిన నీరు కూడా కలుస్తాయి.

దీనికీ యువజన కార్యక్రమాలకూ సంబంధం ఏమిటంటే, వేసవి క్రీడా శిబిరాలు, సెలవుల శిక్షణలు సరిగ్గా కాలువలు కట్టేసిన నెలల్లోనే పెడతారు. అంటే చెరువులో నీళ్లు అడుగంటి, పాతబడి, ఎండకు వేడెక్కి, వడపోత గుంటలమీద భారం ఎక్కువగా ఉన్న రోజుల్లో. మైదానంలో చెమటలు కక్కే పిల్లలు మామూలుకంటే రెండింతలు తాగేదీ అప్పుడే. శిబిరం తేదీలు ఖాయం చేసేటప్పుడు పరీక్షల షెడ్యూలు చూస్తారు, పెళ్లి ముహూర్తాలు చూస్తారు. కాలువల మూత తేదీ చూసేవాళ్లు అరుదు.

ఇప్పుడు ఎక్కడ చూసినా ఇరవై లీటర్ల టిన్నులే కదా, కొళాయి నీళ్లతో పనేముంది అనొచ్చు. ఇక్కడే ఒక చిన్న మెలిక ఉంది. పంచాయతీ నీళ్లలో క్లోరిన్ సరిగా కలిపితే అందులో కొంత మిగిలి ఉండి, తర్వాత చెయ్యి తగిలినా గ్లాసు ముంచినా పడే క్రిములను కొంతవరకు చంపుతుంది. ఆర్వో ప్లాంటులో శుద్ధి చేసిన నీళ్లలో అలా మిగిలేదేమీ ఉండదు. ప్లాంటు దగ్గర శుభ్రంగానే ఉండవచ్చు. కడగని టిన్నులో పోసి, ఎండలో ఆటో మీద తెచ్చి, మూత తీసి డ్రమ్ములో కుమ్మరించాక ఆ నీళ్లకు కాపలా లేదు.

ఆ డ్రమ్మును ఒక్కసారి దగ్గరగా చూడండి. పైన సగం తెరిచిన మూత. మూత మీద ఒక స్టీలు గ్లాసు, దానికి కాడ లేదు. ఆడి వచ్చిన కుర్రాడు మట్టి చేత్తో గ్లాసు పట్టుకుని మణికట్టుదాకా ముంచుతాడు, ఎత్తి పోసుకుని తాగుతాడు, మిగిలిన గుక్కెడు మళ్లీ డ్రమ్ములోకే ఒంపేస్తాడు. ఎంగిలి కాకుండా ఎత్తి తాగడం మన దగ్గర మర్యాద. ఆ మర్యాద నోటి ఎంగిలిని ఆపింది గానీ చేతి మురికిని ఆపలేదు. టైఫాయిడ్, పచ్చకామెర్ల హెపటైటిస్-ఎ, నీళ్ల విరేచనాలు పాకేది ఆ చేతి దారిలోనే. కింద కుళాయి బిగించిన డ్రమ్ము వాడితే ఈ గొడవ మొత్తం పోతుంది. కుళాయి లేకపోతే పొడవాటి కాడ ఉన్న గరిటె, దాన్ని పట్టుకుని వంచి పోయడానికి ఒకే మనిషి. పెళ్లిళ్లలో మజ్జిగ పోసే పద్ధతే.

క్లోరిన్ విషయంలో లెక్క కష్టం కాదు. తేట నీటికైతే వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు, కలిపాక కనీసం అరగంట ఆగడం. మంచి పౌడరు అన్న మాట ముఖ్యం. మూతి విప్పి నెలల తరబడి మూలన పడేసిన సంచిలో పేరు తప్ప సత్తువ మిగలదు. నీళ్లు మడ్డిగా ఉంటే ముందు తేర్చాలి, లేకపోతే క్లోరిన్ అంతా ఆ మడ్డికే ఖర్చయిపోతుంది. మామూలు రోజుల్లో లీటరుకు 0.2 మిల్లీగ్రాములు, వరదలూ విరేచనాలూ ఉన్నప్పుడు 0.5 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలన్నది ప్రమాణం. మిగిలిన క్లోరిన్ ఎంతో చూసి చెప్పే క్లోరోస్కోప్ పెట్టె పంచాయతీ సిబ్బంది దగ్గర ఉంటుంది. శిబిరం మొదలయ్యే రోజున సర్పంచి గారిని శాలువాతో సత్కరించేటప్పుడే ఆ పెట్టె కూడా ఓసారి తెప్పించమని అడిగితే ఎవరూ కాదనరు.

లంకల బురద

డెల్టాలో యువతను సేవకు పిలిచే అతిపెద్ద సందర్భం వరద. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17.75 లక్షలకు మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటిన ప్రవాహాన్ని పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2022 జులైలో 25 లక్షలు దాటింది. అంత కాకపోయినా, మొదటి హెచ్చరిక రాకముందే చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగిపోతాయి, లంకల జనం పడవల మీద పడతారు. పాల ప్యాకెట్లు, మంచినీళ్లు, మందులు మోయడానికి ముందుకొచ్చేది ఆ చుట్టుపక్కల కుర్రాళ్లే.

నాటుపడవ రేవుకు తగులుతుంది. వరద తీసిన చోట జానెడు లోతు ఒండ్రు. చెప్పులతో దిగితే మొదటి అడుగులోనే చెప్పు బురదలో ఉండిపోతుంది, కాలు ఒక్కటే పైకొస్తుంది. కాబట్టి అనుభవం ఉన్నవాళ్లు చెప్పులు పడవలోనే వదిలి, ప్యాంటు మోకాళ్లపైకి మడిచి, ఉత్తకాళ్లతో దిగుతారు. బరువు మోసేవాడికి అది తెలివైన పనే. ఎలుక జ్వరమనే లెప్టోస్పైరోసిస్‌కు కూడా అంతకంటే అనువైన దారి లేదు. ఎలుకలు, పశువులు, కుక్కల మూత్రంలో వచ్చే ఆ క్రిమి వరద నీటిలో, తడి మట్టిలో బతికి ఉండి, గీరుకుపోయిన చర్మంలోంచి, నీళ్లలో నాని మెత్తబడిన పాదంలోంచి ఒంట్లోకి దూరుతుంది. మునిగిన పశువుల పాకలు, కన్నాల్లోంచి బయటపడ్డ ఎలుకలు, గాజుపెంకులు, కొబ్బరి మట్టల కోత అంచులు, అన్నీ ఒకే చోట ఉంటాయి.

జ్వరం వెంటనే రాదు. సాధారణంగా ఐదు నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, ఒక్కోసారి నెల దాకా. అప్పటికి వరద తీసేసి, కుర్రాడు కాలేజీకి వెళ్లిపోయి, సన్మానపత్రం కూడా అందుకుని ఉంటాడు. విపరీతమైన పిక్కల నొప్పి, ఎర్రబడ్డ కళ్లు, జ్వరం. దగ్గర్లోని ఆర్‌ఎంపీ ఏ టైఫాయిడో అనుకుని సూది వేస్తాడు. ‘పది రోజుల కిందట వరద నీళ్లలో తిరిగాను’ అన్న ఒక్క ముక్క డాక్టరుకు చెబితే దారి మారుతుంది. ఆలస్యమైతే మూత్రపిండాలు, కాలేయం దాకా పోయే జబ్బు ఇది. అందుకే సేవకు వెళ్లినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు రాసి ఉంచి, నెల రోజులపాటు వారానికోసారి పలకరించడం ఆ సేవలో భాగమే. ఈ పని ఎవరిదన్నది ఏ సంస్థా రాసుకోదు.

గమ్‌బూట్లు దొరికితే సంతోషం. పిక్కలదాకా ఉండేవైతే ఒండ్రులో ఊడిపోవు. దొరకని చోట వెనక పట్టీ ఉన్న ప్లాస్టిక్ చెప్పులు, గాయాల మీద నీళ్లు చొరని పట్టీ, పని అవగానే శుభ్రమైన నీళ్లూ సబ్బుతో కాళ్లు కడగడం. ముందే కాలికి దెబ్బ ఉన్నవాడిని ఒడ్డున లెక్కలు రాయడానికి కూర్చోబెట్టాలి. 2018 కేరళ వరదల్లో సహాయక సిబ్బందికి అక్కడి ఆరోగ్య శాఖ వారానికి ఒకసారి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ఇచ్చింది. ఇది డాక్టరు నిర్ణయించాల్సిన మందు, గర్భిణులకూ చిన్నపిల్లలకూ పనికిరాదు. కానీ పడవ ఎక్కేముందు పీహెచ్‌సీలో అడగడానికి తగిన ప్రశ్న. ధనుర్వాతం టీకా సంగతి కూడా అప్పుడే తేలిపోతుంది. జాతీయ టీకాల పట్టికలో టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) పదేళ్లకు, పదహారేళ్లకు ఉంది. పదహారేళ్ల డోసు చాలామంది మగపిల్లలు తప్పించుకున్నదే.

గాయానికి కాఫీపొడి అద్దడం, పసుపు మెత్తడం ఇళ్లలో పాత అలవాటు. రక్తం ఆగినట్టే కనిపిస్తుంది, మట్టి లోపలే మిగిలిపోతుంది. ముందు పారే నీళ్లు, సబ్బు, ఆ తర్వాతే ఏదైనా.

బొండాలు, కిటికీలు

శిబిరానికి అతిథి వస్తే కోనసీమలో ముందు కొబ్బరిబొండం కొట్టి ఇస్తారు. తాగేసిన బొండాలు ప్రహరీ పక్కన కుప్పగా పడతాయి. వాన పడితే ఒక్కో బొండంలో గుక్కెడు నీళ్లు నిలుస్తాయి. డెంగీని మోసే ఏడిస్ దోమకు ఆ గుక్కెడే చెరువు. గుడ్డు నుంచి దోమ కావడానికి ఏడు నుంచి పది రోజులు, కాబట్టి వారానికోసారి నీళ్లు ఒంపేస్తే ఆ వంశం అక్కడితో ఆగుతుంది. గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, అందుకని ఒంపడంతోపాటు పాత్ర లోపల రుద్దాలి. బొండాలనైతే రెండుగా చీల్చి బోర్లించాలి. ఊళ్లో దోమలపై అవగాహన ర్యాలీ తీసే వలంటీర్లు మొదట తమ బస వెనక్కి వెళ్లి ఆ కుప్పను చూడటం మంచిది. ఈ దోమ పగలు కుడుతుంది కాబట్టి రాత్రి వెలిగించే కాయిల్ దీనికి జవాబు కాదు.

రాత్రి దోమల గొడవ వేరు. డెల్టాలో పంట బోదెలు, మురుగు గుంటలు, వాటిలో పెరిగే క్యూలెక్స్ దోమలు. వాటి భయానికి, డిసెంబరు చలికి, తరగతి గది కిటికీలన్నీ బిగించి పాతిక మంది వరసగా పడుకుంటారు. అలా మూసిన గదిలో ఒక్కరు దగ్గినా తెల్లారేసరికి ఆ గాలే అందరూ పీల్చి ఉంటారు. జలుబు, ఫ్లూ, కొవిడ్ సరే, తట్టు, క్షయ కూడా ఈ గాలి దారినే వచ్చేవి. కిటికీ తెరిస్తే దోమ, మూస్తే గాలి. డెల్టాలో ఇది మాటల తిరకాసు కాదు, ప్రతి రాత్రీ ఎదురయ్యే ఎంపిక. తెగేది దోమతెరతోనే: కిటికీలు తీసి ఉంచి, తలొక తెర కట్టుకోవడం. శిబిరానికి తెచ్చుకోవాల్సిన సామాన్ల జాబితాలో కంచం, గ్లాసు, దుప్పటి ఉంటాయి. దోమతెర కూడా చేర్చడానికి ఒక పంక్తి చాలు. తలలన్నీ ఒకే వైపు కాకుండా ఒకరి తల పక్కన ఇంకొకరి కాళ్లు వచ్చేలా పడుకుంటే ముఖాల మధ్య దూరం పెరుగుతుంది. పిల్లలు నవ్వుతారు, ఒకటి రెండు రోజులకు అలవాటైపోతుంది.

ఎవరెవరు ఏ గదిలో ఎవరి పక్కన పడుకున్నారో ఒక కాగితం మీద గీసి పెట్టుకోవడం వింతగా అనిపించవచ్చు. ఆటలమ్మ పొక్కు ఒకరికి కనిపించిన రోజున ఆ కాగితం విలువ తెలుస్తుంది.

ఎన్నాళ్లు దూరం?

జబ్బుపడ్డవాళ్లను ఎన్నాళ్లు దూరంగా ఉంచాలన్నదానికి చాలా చోట్ల జవాబు ‘తగ్గేదాకా’. తగ్గడం అంటే ఏమిటో ఎవరికి వారే నిర్ణయించుకుంటారు. ఆటలమ్మలో పొక్కులు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందునుంచీ, అన్నీ పక్కు కట్టేదాకా అంటుతుంది. గుమ్మానికి వేపమండ కట్టిన ఇంటికి ఎవరూ పోరాదన్న పాత కట్టుబాటు నిజానికి చక్కటి ఐసోలేషన్. దాని లోపమల్లా, మండ కట్టేసరికే రెండు రోజులు గడిచిపోవడం. పక్కనున్నవాళ్లకు అది బయటపడటానికి పది నుంచి ఇరవై ఒక్క రోజులు పట్టవచ్చు. అంటే శిబిరంలో అంటింది ఇళ్లకు వెళ్లాక తేలుతుంది. తట్టు దద్దురుకు నాలుగు రోజుల ముందు, నాలుగు రోజుల తర్వాత అంటుతుంది. గవదబిళ్లలకు వాపు మొదలైన నాటినుంచి ఐదు రోజుల దూరం.

వాంతులు, విరేచనాలు ఆగిపోయాక కూడా 48 గంటలు వంటకూ, వడ్డనకూ, ఈతకూ రాకూడదు. ఈ నియమం ఒక్కటి పాటించినా హాస్టళ్లలో సగం గొడవలు తగ్గుతాయి. శానిటైజర్ చాలదా అంటే చాలదు. వాంతులు తెప్పించే నోరోవైరస్ మీద అది అంతంతమాత్రం, జిడ్డు, మట్టి ఉన్న చేతుల మీద ఇంకా తక్కువ. సబ్బు, నీళ్లు, ఇరవై సెకన్లు. పచ్చకామెర్లలో కళ్లు పచ్చబడేసరికే అంటించే కాలం చాలావరకు అయిపోయి ఉంటుంది. పసరు మందు కోసం తిరిగే లోపు తోటివాళ్లు తాగిన నీళ్లేమిటో ఆరా తీయాలి.

జ్వరానికి సంబంధించిన నియమంలో ఒక షరతు ఉంది: మందు వేసుకోకుండా 24 గంటలు జ్వరం రాకూడదు. మొదట చూసిన కుర్రాడు పారాసిటమాల్ వేసుకుని ద్వారం దగ్గర థర్మామీటర్ తుపాకీని సునాయాసంగా దాటేస్తాడు. నుదుటి మీద గురిపెట్టే ఆ యంత్రం నిజం చెప్పేవాడినే పట్టుకుంటుంది.

2023 వానాకాలంలో తెలుగు రాష్ట్రాల్లో కళ్లకలకలు చుట్టుముట్టినప్పుడు హాస్టళ్లలో నల్లకళ్లద్దాలకు గిరాకీ వచ్చింది. చూపుతో అంటదు. అంటేది కంటి నీరు తుడిచిన చేత్తో, ఒకే తువ్వాలుతో, ఒకే దిండుతో. గజ్జి మరో రకం మొండిది: మొదటిసారి అంటినవారికి దురద మొదలయ్యేసరికి నాలుగు నుంచి ఆరు వారాలు. గదిలో ఒక్కరికే మందు రాస్తే నెలలోపు మళ్లీ వస్తుంది. అందరికీ ఒకే రాత్రి రాయాలి, దుప్పట్లు వేడినీళ్లలో నానబెట్టి ఎండేయాలి. కబడ్డీ జట్టులో మోకాలి క్యాపులు మార్చుకుంటే పాకే తామరదీ దాదాపు ఇదే దారి.

సిబ్బంది ఒంటికీ లెక్కుంది

యువత భద్రత గురించి మాట్లాడేటప్పుడు సిబ్బంది ఒక పరికరం అన్నట్టు మాట్లాడతారు. వాళ్లూ జబ్బుపడతారు, కొన్ని జబ్బులు వాళ్లకే ఎక్కువ చేటు. చిన్నప్పుడు ఆటలమ్మ రాని ఉపాధ్యాయురాలు గర్భిణిగా ఉండగా అది సోకితే తల్లికీ బిడ్డకూ ప్రమాదం. రుబెల్లా అయితే బిడ్డకు మరీ. గర్భిణి అయిన సిబ్బంది ఎవరో ముందే తెలిస్తే దద్దురు కనిపించిన గదికి వేరొకరిని పంపవచ్చు. చెబితే పని నుంచి తీసేస్తారన్న భయం ఉంటే తెలియదు. మళ్లీ అదే మెలిక.

రక్తం దగ్గర సూత్రం ఒకటే: ఎవరి రక్తమైనా అంటేదే అనుకుని పనిచేయడం. ప్రథమ చికిత్స పెట్టెలో దూది, అయోడిన్ ఉంటాయి, చేతి గ్లవ్స్ మాత్రం చాలాసార్లు ఉండవు. నేలమీద పడ్డ రక్తం మీద గుడ్డ కప్పి, ఒక శాతం హైపోక్లోరైట్ (బ్లీచింగ్) ద్రావణం పోసి, పది నిమిషాలు ఆగి తుడవాలి. రక్తదాన శిబిరంలో వలంటీర్ సూదులు ఏరకూడదు. ఆ పని శిక్షణ ఉన్న సిబ్బందిదే. అయినా గుచ్చుకుంటే వేలిని పిండకుండా సబ్బు నీళ్లతో కడిగి, సిగ్గుపడకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు వీలైతే రెండు గంటల్లో, ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. డెల్టా జిల్లాల్లో హెచ్ఐవీ గురించి కాలేజీల్లోని రెడ్ రిబ్బన్ క్లబ్బులు ఏళ్లుగా మాట్లాడుతూనే ఉన్నా, కంచం కలిసి తింటే అంటుతుందేమోనన్న సందేహం హాస్టల్ భోజనాల గదిలో ఇంకా అడపాదడపా వినిపిస్తుంది. అంటదు. కలిసి ఆడినా, ఒకే గదిలో పక్కపక్కన నిద్రపోయినా, ఒకే గ్లాసుతో తాగినా అంటదు.

జబ్బు సంగతి ఎవరికి తెలియాలి అన్నది కూడా భద్రతలో భాగమే. శిబిరం వాట్సాప్ గ్రూపులో ‘ఫలానా అమ్మాయికి జ్వరం, దూరంగా ఉండండి’ అని పెట్టే సందేశం మంచి మనసుతో పెట్టిందే కావచ్చు. ఆ తర్వాత ఇంకెవరూ జ్వరం వచ్చిందని చెప్పరు. హెచ్ఐవీ విషయంలోనైతే ఇది చట్టం. 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఒకరి స్థితిని వారి అనుమతి లేకుండా బయటపెట్టడం, దాన్ని చూపి చదువుకో ఉద్యోగానికో అడ్డుపడటం నేరుగా దాని పరిధిలోకి వస్తాయి. మిగతా జబ్బులకు అంత గట్టి చట్టం లేకపోయినా మర్యాద ఒకటే. శిబిరంలో ఒకరికి, ఇంట్లో తల్లిదండ్రులకు, అవసరమైతే ఏఎన్ఎంకు తెలిస్తే చాలు. 2020-21లో తూర్పు గోదావరి రాష్ట్రంలో కొవిడ్ కేసులు అత్యధికంగా వచ్చిన జిల్లాల్లో ఒకటి. జబ్బు తగ్గాక కూడా పేరుకు ముందు ‘కరోనా’ తగిలించి పిలిపించుకున్న పిల్లలు అప్పుడు ఎనిమిదో తరగతిలో ఉంటే ఇప్పుడు డిగ్రీ వలంటీర్లు. వాళ్లు ఎందుకు దాస్తారో వాళ్లనే అడగొచ్చు.

మార్చాల్సినవి నిజానికి చిన్నవి. జ్వరంతో ఇంటికెళ్లిన వలంటీరుకు మిగిలిన రోజుల్ని తర్వాతి శిబిరంలో పూర్తిచేసుకునే వీలు కాలేజీ స్థాయిలోనే అడిగి రాయించుకోవచ్చు. లేదా ఇంటి దగ్గర కోలుకున్నాక నివేదిక, సర్వే లెక్కలు లాంటి పని అప్పజెప్పవచ్చు. వంటావిడకు రెండు రోజుల కూలి శిబిరం బడ్జెట్లో ‘ఇతరములు’ కింద ముందే పక్కన పెట్టవచ్చు. అది ముగింపు సభ ఫ్లెక్సీకయ్యే ఖర్చును మించదు. ఆవిడ మానేసిన పూట అన్నం ఎవరు వండాలో కూడా ముందే అనుకోవాలి, లేకపోతే జాలిపడి ఆవిడే వచ్చేస్తుంది.

2027 జూన్ నెలాఖరులో గోదావరి పుష్కరాలు మొదలవుతాయి. ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ, స్కౌట్ల నుంచి రేవుల దగ్గర, అన్నదానాల దగ్గర, వైద్య శిబిరాల దగ్గర నిలబడటానికి పిల్లల్ని పిలుస్తారు. 2015 జులై 14న రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ తొక్కిసలాట తర్వాత భద్రత అనగానే అందరి చూపూ బారికేడ్ల మీదే ఉంటుంది, అది సహజం. పన్నెండు రోజులు లక్షలాది మంది మునిగే నీళ్లలో మోకాళ్లదాకా నిలబడే కుర్రాడి కాళ్ల సంగతి, వైద్య శిబిరంలో సాయపడే అమ్మాయి చేతుల సంగతి వేరే లెక్క. రక్తం దారిన సోకే హెపటైటిస్-బికి చిన్నప్పుడు టీకా పడిందో లేదో టీకాల కార్డు వెతికితే తప్ప తెలియదు. పడకపోతే మూడు డోసులకు ఆరు నెలలు కావాలి: మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. అంటే వైద్య శిబిరాల్లో నిలబడేవాళ్ల జాబితా 2026 డిసెంబరు నాటికే చేతిలో ఉండాలి.